రెండో బటన్

శిల్ప అరవలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బాలు మూసి అందరూ మళ్ళీ మిషన్ల ముందు కూర్చున్న పావుగంటకు, మూడో నంబరు ప్రెస్సు దగ్గర ఆమె లేచి నిలబడింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, అది తన చెయ్యి కానట్టు చూస్తూ నిలబడింది. కేక వేసింది పక్క మిషను మీదున్న పూజ.

దేవరాజ్ అప్పుడు షెడ్డు చివర గ్రైండింగు రాయి మీద రేకు కోసే పంచ్ అంచుకు పదును పెడుతున్నాడు. పూజ కేక విని తలెత్తాడు. మూడో నంబరు ముందు నిలబడ్డ పిల్లను చూడగానే ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో రెండూ ఒకేసారి తెలిసిపోయాయి. పరుగెత్తాడు. మెయిన్ స్విచ్చు దించాడు. భుజం మీది తువ్వాలు తీసి ఆ చేతికి చుట్టాడు. చుట్టడం పూర్తికాకుండానే తెల్ల తువ్వాలు ఎర్రబడింది. షిఫ్టు ఇన్‌చార్జి సురేశ్ వచ్చి పిల్లను చేతుల మీద ఎత్తుకుని వ్యాను దాకా పరుగుతీశాడు.

వ్యాను గేటు దాటి హైవే ఎక్కింది. ఆడపిల్లలు గోడవారగా ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. దేవరాజ్ గోనెసంచి తెచ్చి ఆ ప్రెస్సు మీద కప్పాడు. కప్పి, దాని పక్కనున్న బూడిదరంగు కరెంటు డబ్బా వైపు చూపు పోకుండా తల తిప్పుకున్నాడు.

ఆ డబ్బాలో ఏముందో షెడ్డులో ఇద్దరికే తెలుసు.

జహీరాబాద్ బయట చెరకు చేల మధ్య ఉన్న ఆ చిన్న ఫ్యాక్టరీలో తలుపు గొళ్ళేలు తయారుచేస్తారు. మొత్తం ఐదు ప్రెస్సులు. ఒక్కోదానికి రెండు పచ్చ బటన్లు, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. రెండు చేతులూ రెండింటి మీద పడితేనే పైనున్న డై అనే ఇనుప అచ్చు దిగి రేకును కోస్తుంది. చేతులు రెండూ బటన్ల మీదుంటే డై కింద వేళ్ళుండవు. అంత తేలిక సంగతి అది. కిందటి దసరా ముందు ఆర్డర్లు మీద పడ్డప్పుడు సురేశ్ వచ్చి, "మామా, రెండో బటన్ తీసెయ్. ఒక చెయ్యి ఖాళీగుంటే పిల్లలు ఇంకో రేకు అందుకుంటరు," అన్నాడు. ఫ్యాక్టరీకంతటికీ దేవరాజ్ ఒక్కడే ఫిట్టరు. "వద్దురా, అది మంచి పని గాదు," అన్నాడు. ఒక్కసారే అన్నాడు, అదీ మెల్లగా. తర్వాత ఐదు డబ్బాలూ తెరిచి, రెండో బటన్ తీగలను చిన్న వైరు ముక్కతో కలిపేశాడు. ఆ రోజు నుంచి ఒక్క చేత్తో నొక్కినా డై దిగుతుంది.

సాయంత్రం ఆరింటికి సురేశ్ దవాఖాన నుంచి తిరిగొచ్చాడు. చొక్కా మోచేతి దాకా నెత్తురు ఎండిపోయి ఉంది. ముప్పై రెండేళ్ళ మనిషి, ఒక్క పూటలో మొహం పీక్కుపోయింది.

"మూడు వేళ్ళు మామా. అతకనీకి రాదన్నరు."

దేవరాజ్ గోడకు ఆనుకున్నాడు.

"ఆ డబ్బ తెరువు. వైరు తీసెయ్," అన్నాడు సురేశ్.

"సురేశ్..."

"సోమవారం సంగారెడ్డి నుంచి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ మేడమొస్తుందట. మేనేజర్ సాబ్ జెప్పిండు. మిషను మంచిగుండాలె. జల్ది తియ్ మామా."

నాలుగు స్క్రూలు. ముప్పై ఏళ్ళుగా చూడకుండా విప్పగలిగిన స్క్రూలే. ఆ సాయంత్రం స్క్రూడ్రైవరు మొన గాడిలో నిలవలేదు. మూడుసార్లు జారి డబ్బా మీద గీత పడింది. సురేశ్ టార్చి పట్టుకున్నాడు. ఎర్ర వైరు ముక్క ఊడి వచ్చాక సురేశ్ దాన్ని అందుకుని ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

"ఆ పిల్ల ఫోను చూస్కుంట చెయ్యి పెట్టిందంట. పూజ చూసిందంట," అన్నాడు నేల చూస్తూ.

"పూజ చెప్పిందా?"

"చెప్తది."

*

శుక్రవారం పదింటికి మేనేజర్ జగన్‌మోహన్ పిలిపించాడు. ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే మనిషి కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. దేవరాజ్ గ్లాసు అందుకున్నాడు గానీ, తాగకుండా తొడ మీదే పెట్టుకున్నాడు. ప్యాంటులోంచి వేడి తొడకు తగులుతున్నా కదల్చలేదు.

"మీరు చర్చి పెద్దమనిషి. మీ మాటంటే ఎవరికైనా గురి," అన్నాడు జగన్‌మోహన్, ఒక కాగితం ముందుకు జరిపి. "అందుకే మీతోనే సంతకం పెట్టిస్తున్నం. వేరేవాళ్ళు పెడితే నమ్మరు."

కాగితం మీద నాలుగు వాక్యాలున్నాయి. మూడో నంబరు ప్రెస్సు మంచి కండిషన్లో ఉందని, రక్షణ ఏర్పాట్లన్నీ పనిచేస్తున్నాయని, ప్రమాద సమయంలో శిల్ప సెల్‌ఫోను చూస్తూ అజాగ్రత్తగా ఉందని, ఇది ఫిట్టరుగా తాను స్వయంగా చూసి చెబుతున్నానని.

"కండ్లద్దాలు ఇంట్ల మర్చిపోయిన సార్," అన్నాడు దేవరాజ్. అద్దాలు చొక్కా జేబులోనే ఉన్నాయి. జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

జగన్‌మోహన్ ఆ చెయ్యి వైపు చూశాడు. నవ్వాడు. "తొందరేం లేదు. సోమవారం మేడమ్ ముందు పెడుదురు గాని. ఇంకోటి... సురేశ్ మీకు మేనల్లుడే కదా? మంచి పిల్లగాడు. వానికి కష్టం రావొద్దు. మీకు గూడా రావొద్దు."

బయటికొచ్చాక దేవరాజ్ షెడ్డు వెనక నల్లా దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. అక్కడినుంచి చూస్తే కిటికీలోంచి పూజ కనబడింది. రెండో నంబరు మీద కూర్చుని ఉంది. ఎవరు చెప్పారో ఏమో, రెండు చేతులూ రెండు బటన్ల మీద పెట్టి నొక్కుతోంది. కానీ అలవాటైన చెయ్యి కదా, మధ్యమధ్య ఎడమచేత్తో నొక్కి కుడిచేత్తో రేకు జరపబోయి, ఉలిక్కిపడి వెనక్కి తీసుకుంటోంది. వైరు తీసింది మూడో నంబరుకే. మిగతా నాలుగూ అట్లాగే ఉన్నాయి.

ఇంట్లో భార్య ప్రవీణ జొన్నరొట్టె పెడితే సగం తిని లేచాడు. ఏమైందని అడిగింది. "పిల్ల చెయ్యి తెగింది గదా, మనసుల పడ్డది," అన్నాడు. అబద్ధం కాదు అది. నిజమూ కాదు.

*

శనివారం మధ్యాహ్నం ఝరాసంగం నుంచి అక్క నారమ్మ, సురేశ్ తల్లి, వచ్చింది. షేర్ ఆటో దిగి, చేతిలో కందిపప్పు సంచితో లోపలికొచ్చి, నీళ్ళు తాగి, అడగకముందే చాట ముందుకు లాక్కుని పప్పులో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఈ కాలంలో ఆమె పొలం విడిచి రాదు. ఎందుకొచ్చిందో దేవరాజ్‌కు తెలుసు. ఆమె ఆ మాట ఎప్పుడెత్తుతుందా అని మంచం అంచున కూర్చుని ఎదురుచూశాడు.

"వాడు మూడు దినాల సంది అన్నం ముడుతలేడు తమ్మీ," అంది చాటలోంచి తలెత్తకుండా.

"ఊఁ."

"తండ్రి లేని పిల్లగాడు. నువ్వే చెయ్యి వట్టుకొని ఫ్యాక్టరీల పెట్టినవ్. వాని మీద ఇద్దరు పిల్లలున్నరు. నాకేం తెల్వది మిషన్ల సంగతి. నువ్వు సంతకం పెడుతనన్నవట, ఇంక పెట్టలేదట."

"చూద్దాం అక్కా."

"ఏం చూస్తవ్?" చాట పక్కన పెట్టింది నారమ్మ. అప్పుడు మొదటిసారి అతని మొహంలోకి చూసింది. ఆమె కళ్ళలో కోపం లేదు. కోపముంటే బాగుండునని అతనికి అనిపించింది. "అందరం దేవుని నమ్ముకున్నోళ్ళమే. మనోళ్ళకు మనం అండగ నిలబడకపోతే ఎవరు నిలబడుతరు?"

ఆ పిల్ల మనదేమీ కాదు, న్యాల్‌కల్ దిక్కు కన్నడపోళ్ళ పిల్ల అనే మాట ఆమె అనలేదు. అన్నట్టే వినబడింది.

ఆమెను ఆటో ఎక్కించి తిరిగొచ్చేసరికి ప్రవీణ గుమ్మంలో నిలబడి ఉంది. ఏరిన పప్పు చాట చేతిలోనే ఉంది.

"ఏం సంతకం?" అంది.

చెప్పాడు. మొత్తం చెప్పాడు. చెబుతున్నంతసేపూ గొంతు తనది కానట్టు, ఎవరో పక్కింట్లో మాట్లాడుతున్నట్టు వినబడింది.

"ఆ వైరు ఎవరు కలిపిన్రు?"

"నేనే."

ప్రవీణ చాట కింద పెట్టింది. బయట రోడ్డు మీద లోడు లారీ పోయింది. ఇంటి రేకులు అదిరాయి.

"అయితే చెప్తే నిన్ను గూడ పట్టుకపోతరు గదా?"

"తెల్వది."

"నౌకరి పోతది."

"పోతది."

"అక్క మన గడప తొక్కదు."

నిజం చెప్పమని గానీ వద్దని గానీ ఆమె అనలేదు. "నాకు భయమైతుంది," అంది.

"నాకు గూడ," అన్నాడు దేవరాజ్. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఆమెతో అనడం అదే మొదలు.

*

ఆదివారం చర్చికి పోనని అనుకున్నాడు. పోకపోతే అడుగుతారని పోయాడు.

ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. దేవరాజ్‌ది ఎప్పుడూ ముందు వరసే. పాస్టరయ్య తర్వాత ప్రార్థన చేసేది అతనే. ప్రార్థన కూడికల్లో సాక్ష్యం చెప్పేదీ అతనే. ఇరవై ఆరేళ్ళ వయసులో తాగి మురికికాలువలో పడి ఉన్నవాణ్ణి దేవుడు ఎట్లా లేపాడో ఏడాదికొకసారైనా చెబుతాడు. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఆ సాక్ష్యం చెప్పినందుకు ఏ ఒక్క రోజూ అతనికి ఏదీ పోలేదు. ఆ సంగతి ఆ ఉదయం చాప మీద కూర్చున్నప్పుడే తోచింది. తోచగానే చెవులు వేడెక్కాయి.

ప్రార్థన మనవుల వేళ సురేశ్ లేచాడు. చర్చి యువజన సంఘానికి కార్యదర్శి అతను.

"మా ఫ్యాక్టరీల శిల్ప అనే చెల్లెకు ప్రమాదమైంది. ఫోను చూస్కుంట పనిచేసి వేళ్ళు పోగొట్టుకుంది. ఆమె కోసం సంఘం ప్రార్థన చెయ్యాలె," అన్నాడు. గొంతు బొంగురుపోయింది. నటన కాదది. అతను నిజంగానే ఆ పిల్ల కోసం అడుగుతున్నాడు. ఆ అబద్ధం కూడా అంతే నిజాయితీగా చెబుతున్నాడు.

"దేవరాజన్నా, మీరు నడిపించున్రి," అన్నాడు పాస్టరయ్య.

దేవరాజ్ మైకు ముందుకు పోయాడు. కళ్ళు మూసుకున్నాడు. "తండ్రీ," అన్నాడు. స్పీకరులో ఆ మాట గోడలకు తగిలి వెనక్కి వచ్చింది. "శిల్ప బిడ్డను... నీ చేతులకు..." చేతులు అనగానే ఆగిపోయాడు. గోనెసంచి కింది ప్రెస్సు కళ్ళ ముందుకొచ్చింది. ఆ పిల్ల తప్పు క్షమించమని అడగాలా? తన తప్పు క్షమించమని ఇంతమంది ముందు అడగాలా? రెండూ నోటికి రాలేదు. మైకు గరగరమంది. ఎవరో పిల్లవాడు దగ్గాడు. సంఘమంతా కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది. కళ్ళు తెరిచి ఉన్నది సురేశ్ ఒక్కడే. దేవరాజ్ కళ్ళు విప్పేసరికి ఇద్దరి చూపులూ కలిశాయి.

ఆమేన్ చెప్పకుండానే వచ్చి చాప మీద కూర్చున్నాడు. పాస్టరయ్య ప్రార్థన అందుకుని ముగించాడు. పెద్దాయనకు మనసు కరిగిందని అందరూ అనుకున్నారు. బయట చెప్పులు తొడుక్కుంటుంటే ఒక ముసలామె వచ్చి, "ఎంత దయ నాయనా నీకు," అని భుజం నిమిరింది. ఆ చెయ్యి తగిలినచోట నిప్పు పెట్టినట్టయింది.

ఇంటికొచ్చి తలుపేసుకుని మోకాళ్ళ మీద పడ్డాడు. ధైర్యమియ్యమని అడగలేదు. రేపు ఆ మేడమ్‌కు జ్వరం రావాలని, బస్సు చెడిపోవాలని, తనను పిలవకూడదని అడిగాడు. అడిగి, అట్లా అడిగినందుకు సిగ్గుపడి, మళ్ళీ అదే అడిగాడు.

*

సోమవారం మేడమ్ పదకొండింటికి వస్తుందన్నారు. ఎనిమిదిన్నరకే సురేశ్ స్క్రూడ్రైవరు తెచ్చి దేవరాజ్ చేతిలో పెట్టాడు.

"మిగిలిన నాలుగు గూడ తీసెయ్ మామా. ఆమె వాటి దిక్కు చూడదు. కానీ చూస్తే? మేనేజర్ సాబ్ పదింటికల్లా అయిపోవాలన్నడు."

"తీస్త," అన్నాడు దేవరాజ్.

రెండో నంబరు దగ్గరికి పోయాడు. పూజ లేచి పక్కకు నిలబడింది. స్విచ్చు దించి డబ్బా మూత విప్పాడు. ఎర్ర వైరు ముక్క అక్కడే ఉంది, ఎనిమిది నెలల దుమ్ము పట్టి. తాను మెలిపెట్టిన మెలికే. తీసేస్తే అరనిమిషం పని. నాలుగు డబ్బాలకు అరగంట. ఆ తర్వాత ఈ లోకంలో ఎక్కడా ఏ గుర్తూ ఉండదు. తాను నోరు తెరిచినా ఎవరూ నమ్మరు. నమ్మకపోతే నోరు తెరవాల్సిన పనీ ఉండదు. ఎంత హాయి.

చెమట కనుబొమల మీదినుంచి కంట్లోకి దిగి మండింది. వెనక పూజ ఊపిరి వినబడుతోంది.

మూత మళ్ళీ పెట్టాడు. నాలుగు స్క్రూలూ బిగించాడు. వైరు లోపలే ఉంది.

నాలుగో నంబరు, ఐదో నంబరు, ఒకటో నంబరు... అన్నిటి దగ్గరా అట్లాగే చేశాడు. మూత తీయడం, కాసేపు వంగి నిలబడడం, మూత పెట్టడం. దూరంనుంచి సురేశ్ చూస్తున్నాడు. చివరి మూత బిగించాక, "అయిందా?" అన్నాడు. దేవరాజ్ తల ఊపాడు. ఆ తల ఊపడం కూడా అబద్ధమే. ఇంకో రెండు గంటలు ఆ అబద్ధంతో ఉండాలి.

"మధ్యాహ్నం దాక రెండు చేతులతోనే నొక్కు బిడ్డా. ఎంత లేటైనా సరే," అని మెల్లగా అన్నాడు పూజతో. తక్కిన ముగ్గురికీ అదే చెప్పాడు. పూజ ఎందుకని అడగలేదు.

ఇన్‌స్పెక్టర్ ప్రణీత ముప్పై దాటని మనిషి. మూడో నంబరు ముందు నిలబడి రెండు బటన్లూ తానే నొక్కి చూసింది. ఒక్కటి నొక్కి చూసింది. డై కదల్లేదు. రాసుకుంది. తర్వాత మేనేజర్ గదిలో కూర్చుని దేవరాజ్‌ను పిలిచింది. గదిలో జగన్‌మోహన్ ఉన్నాడు. తలుపు దగ్గర సురేశ్ నిలబడ్డాడు. బల్ల మీద అదే కాగితం, దాని మీద పెన్ను.

"ఫిట్టరు మీరేనా? ఇది చదివారా?"

ఈసారి జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు దేవరాజ్. ధైర్యం వస్తుందని ఆ క్షణం దాకా ఎదురుచూశాడు. రాలేదు. చర్చిలో అంతమంది సాక్ష్యాల్లో చెప్పే ధైర్యం వాళ్ళకు ఎట్లా వచ్చిందో, తనకెందుకు రాలేదో అర్థం కాలేదు. అది రాకుండానే మాట్లాడాల్సి వచ్చేట్టుంది.

"చదివిన మేడమ్," అన్నాడు. "ఇది నిజం గాదు."

ఎవరూ కదల్లేదు.

"ఆ మిషనుకు రెండో బటన్ పనిచేస్తలేకుండె. నేనే తీసేసిన. దసరా ముందు. గురువారం సాయంత్రం, పిల్ల వేళ్ళు పోయినంక, మళ్ళ నేనే సరిచేసిన."

"దేవరాజ్ గారికి ఒంట్లో బాగుండట్లేదు మేడమ్," అన్నాడు జగన్‌మోహన్ తాపీగా. "ఆ రోజు నెత్తురు చూసిన కాడినుంచి..."

ప్రణీత చెయ్యెత్తి ఆపింది. "ఎవరు తీయమన్నారు?"

దేవరాజ్‌కు తలుపు వైపు చూడాలని లేదు. చూశాడు. సురేశ్ మొహం పాలిపోయి ఉంది. చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడు అట్లాగే ఉండేది.

"సురేశ్ చెప్పిండు. వానికి పైనోళ్ళు చెప్పిన్రు. చేసింది నేను."

"మీరు చెప్పేది రాసుకుంటే మీ మీద కూడా కేసవుతుంది. తెలుసా?"

"కానీయ్‌న్రి మేడమ్."

"మిషను ఇప్పుడు బాగానే ఉంది. నేనే చూశాను. మీ మాట తప్ప ఇంకేమైనా ఉందా?"

"జర షెడ్డులకు రాన్రి."

రెండో నంబరు దగ్గర ఆగాడు. వెనక జగన్‌మోహన్ సురేశ్ చెవిలో ఏదో అడగడం, సురేశ్ తల అడ్డంగా ఊపడం తిరిగి చూడకుండానే తెలిసింది.

"పూజా, రేకు పెట్టకు బిడ్డా. కుడి చెయ్యి వీపెనక పెట్టుకో. ఎడమ చేత్తో ఒక్కటి నొక్కు."

పూజ కదల్లేదు. ముందు సురేశ్‌ను, తర్వాత మేనేజర్‌ను చూసింది. ఆ పిల్లకూ ఇంట్లో ఎవరో ఉంటారు. ఆ పిల్లకూ నౌకరి కావాలి. అంత భయాన్ని తాను ఇంకొకరి మీద పెడుతున్నానని అప్పుడు తట్టింది దేవరాజ్‌కు. "నువ్వు లే బిడ్డా, నేనే నొక్కుత," అనబోయాడు.

పూజ కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఎడమ చేత్తో నొక్కింది.

డై ధన్‌మని దిగింది.

షెడ్డులో ఆ చప్పుడు ఆగకముందే నాలుగో నంబరు దగ్గర ఇంకో ధన్. ఎవరూ చెప్పలేదు. అక్కడి పిల్ల చున్నీ నడుముకు బిగించి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని నొక్కింది. తర్వాత ఐదో నంబరు. తర్వాత ఒకటి. నలుగురూ ఒక్కో చెయ్యి వెనక దాచుకుని, ఎదురుగా గోడను చూస్తూ కూర్చున్నారు.

"శిల్ప దగ్గర ఫోను లేదు మేడమ్," అంది పూజ, గోడకు చెప్పినట్టు. "మా ఫోన్లన్నీ పొద్దుగాలనే తీస్కొని ఆఫీసు బీరువల పెడుతరు. సాయంత్రమే ఇస్తరు."

దేవరాజ్ నోరు తెరిచి ఆమె వైపు చూశాడు. నాలుగు రోజులు నిద్రపోకుండా కొట్టుకున్నాడు, ఆ సంగతి అతనికి ఒక్కసారీ తట్టలేదు.

ప్రణీత రాసుకోవడం మొదలుపెట్టింది. ఐదు ప్రెస్సులకూ సీళ్ళు వేసేసరికి రెండయింది. వాంగ్మూలం మీద దేవరాజ్ సంతకం పెట్టాడు. ఇంటికి పొమ్మని, పిలిచేదాకా రావద్దని జగన్‌మోహన్ మరెవరితోనో చెప్పించాడు.

సైకిల్ స్టాండు దగ్గర సురేశ్ తిరగేసిన క్రేటు మీద కూర్చుని ఉన్నాడు. తిడతాడనుకున్నాడు దేవరాజ్. కొడతాడని కూడా అనుకున్నాడు.

"ఆ దినం ఇంకోసారి వద్దనుంటే ఊకుందును మామా," అన్నాడు సురేశ్ తలెత్తకుండా. "నువ్వు గట్టిగ వద్దంటావనే నీ దగ్గరికొచ్చిన. నాకు గూడ భయమే ఉండె."

దేవరాజ్ సైకిలు తీసుకుని రోడ్డెక్కాడు.

*

ఇంటికి పోలేదు. దవాఖాన మెట్ల దగ్గర సైకిలు పెట్టి, లోపలికి పోవడానికి అరగంట పట్టింది. ఫ్యాక్టరీలో తీరిపోయిందనుకున్న భయం మెట్లెక్కుతుంటే మళ్ళీ మొదలైంది. ఆ గదిలో కన్నా ఇక్కడే ఎక్కువగా ఉంది.

ఎనిమిది మంచాల వార్డు. కిటికీ పక్క మంచం మీద శిల్ప గోడకు ఆనుకుని కూర్చుంది. చేతి కట్టు మోచేతి దాకా ఉంది. ఇరవై ఏళ్ళ పిల్ల ఇంకా చిన్నగా కనబడింది. తల్లి చెన్నమ్మ మంచం పక్కన నేల మీద, కూతురికి వీపు పెట్టి కూర్చుని ఉంది. నుదుట విభూతి, మెడలో చిన్న లింగకాయ.

"దేవరాజ్ కాకా," అంది శిల్ప.

అతను మంచం పక్కన నిలబడి చెప్పాడు. రెండో బటన్ సంగతి, వైరు సంగతి, గురువారం సాయంత్రం సంగతి, ఇందాక మేడమ్ ముందు జరిగింది. క్షమించమని అడగడానికి వచ్చాడు. ఆ మాట దాకా రానేలేదు.

శిల్ప మొహంలో కోపం కోసం వెతికాడు. ఆమె మంచి చెయ్యి దుప్పటిని పట్టుకుని ఉంది.

"అయితే రెండు బటన్లు నొక్కితేనే దిగాల్నా అది?" అంది.

"అవును బిడ్డా."

"నాకు మొదటి దినం నుంచి ఒక్కటే నొక్కమన్నరు. నేనే చెయ్యి లేటుగ తీసిన అనుకున్న. నాదే తప్పనుకున్న కాకా." తల్లి వీపు వైపు చూసింది. "నా దగ్గర ఫోన్ లేదని చెప్పిన. మా అమ్మ నమ్మలే. అంత పెద్ద సార్లు ఊకె చెప్తరా అంటది. నాలుగు దినాల సంది నాతోని మాట్లాడుతలేదు."

దేవరాజ్ తల దించుకున్నాడు.

"ఆమెకు చెప్పు," అంది శిల్ప.

అతను మంచం దాటి చెన్నమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అమ్మా," అని మొదలుపెట్టి, మెల్లగా, ఆమెకొక్కదానికే వినబడేట్టు చెప్పాడు. చెన్నమ్మ అతని పెదవుల వైపు చూసింది. అర్థం కానట్టు కూతురి వైపు తిరిగింది.

"మెల్లగ చెప్తే వినపడదు కాకా, ఆమెకు చెవుడు," అంది శిల్ప. "గట్టిగ చెప్పు."

దేవరాజ్ చుట్టూ చూశాడు. ఏడు మంచాల మీద మనుషులు, వాళ్ళ పక్కన వాళ్ళ మనుషులు, గుమ్మంలో చీపురు పట్టుకున్న ఆయా. లేచి నిలబడ్డాడు.

"నీ బిడ్డది తప్పు లేదమ్మా!" అన్నాడు. గొంతు చీలింది. మళ్ళీ అన్నాడు. "ఆమె దగ్గర ఫోను లేదు! సార్లు అబద్ధం చెప్పిన్రు! మిషను పాడుచేసింది నేను. నేనే చేసిన!"

వార్డంతా ఇటు తిరిగింది. ఎవరిదో మంచం కిర్రుమంది.

చెన్నమ్మ కదలకుండా కూర్చుంది. తర్వాత మంచం కోడు పట్టుకుని మెల్లగా లేచి, దేవరాజ్ వైపు చూడకుండా అతన్ని దాటి కూతురి దగ్గరికి పోయింది. కన్నడంలో ఏదో చిన్న మాట అడిగింది. శిల్ప తల అడ్డంగా ఊపింది. చెన్నమ్మ కొంగుతో ముందు కూతురి మొహం తుడిచింది, తర్వాత తనది. నాలుగు రోజులుగా దువ్వని ఆ పిల్ల జుట్టును రెండు చేతులతో వెనక్కి తీసి, పాయలు విడదీసి, జడ వెయ్యడం మొదలుపెట్టింది.

దేవరాజ్‌ను కూర్చోమని ఎవరూ అనలేదు. పొమ్మని కూడా అనలేదు. అందరూ చూస్తుండగా అతను అక్కడే నిలబడ్డాడు.